పేట మిషనుకు తెలిసిన పేరు

గుడిమెట్ల కొండలరావుకు ఈ లోకంలో గిట్టని మాట ఒక్కటే. ఇన్‌ఛార్జి. పాలేటిగట్టు సిమెంట్స్ వారి నందిగామ ఆఫీసు గుమ్మం పక్కన వేలాడే బోర్డు మీద ఆయన పేరుంది, పేరు కింద మేనేజరు అని ఉంది, దాని వెనకాలే సైకిలుకు కట్టిన డబ్బాలాగా ఇన్‌ఛార్జి అని కూడా ఉంది. పాత మేనేజరు రిటైరైనప్పుడు ఓనరు భవానీప్రసాద్ గారు, "ప్రస్తుతానికి నువ్వు చూస్తూ ఉండవయ్యా, తరవాత ఆలోచిద్దాం" అన్నారు. ఆ ప్రస్తుతం ఏళ్లూ పూళ్లూ అయినా గడవలేదు. కొండలరావు మేనేజరు కుర్చీలో కూర్చుంటాడు, మేనేజరు ఫ్యాను కింద కునుకు తీస్తాడు, మేనేజరు కంటే గట్టిగా కేకలేస్తాడు, అయినా మేనేజరు కాడు. పేరంటంలో ఎవరైనా ఆయన భార్య దుర్గాంబను "మీ ఆయన ఇంకా ఇన్‌ఛార్జేనా వదినా" అని పరామర్శించారంటే, ఆ పూట ఇంట్లో పప్పులో ఉప్పు ఉండదు.

ఈ పుండు మీద కారం చల్లినవాడు జగన్నాథరావు. జగ్గయ్యపేట దగ్గర ఫ్యాక్టరీలో కంప్యూటరు గది ఆయన చేతి కింద ఉంటుంది. ఓనరు గారింట్లో పెళ్లికి ఆయన బంతి దగ్గర నిలబడి జనాన్ని భోజనాలకు పంపిస్తూ, కొండలరావును ఎగాదిగా చూసి, "మీరెవరి తాలూకండీ?" అన్నాడు. రోజూ ఫోనులో మాట్లాడుకునే మనిషి, నెలనెలా మీటింగులో ఎదురెదురుగా కూర్చుని టీ తాగే మనిషి. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని తరవాత చెప్పుకున్నాడనుకోండి. కొండలరావు నమ్మితేగా. కళ్లజోడు లేనివాడు ఎవరి విస్తట్లో ఎన్ని లడ్డూలు పడ్డాయో ఎలా చూశాడట? అప్పటి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఇక మిషన్ల సంగతి. ఎనభై ఎనిమిదిలో భవానీప్రసాద్ గారు బొంబాయి వెళ్లొచ్చి రెండు కంప్యూటర్లు కొన్నారు. ఒకటి పేట ఫ్యాక్టరీలో, ఒకటి నందిగామ ఆఫీసులో, రెంటికీ మధ్య కంపెనీ సొంతంగా తీసుకున్న టెలిఫోను లైను. సాయంత్రం ఆఫీసు మూసే ముందు నందిగామ మిషను లైన్లో పేట మిషనును పిలుస్తుంది. "నేను ఫలానా" అని పేరు చెబుతుంది. పేట మిషను తనకు తెలిసిన పేర్లలో వెతుక్కుని, ఆ పేరుంటే "సరే, చెప్పు" అంటుంది. అప్పుడు ఆ రోజు డీలర్లు రాయించిన సిమెంటు ఆర్డర్లన్నీ అటు వెళతాయి, తెల్లారేసరికి లారీలు బయల్దేరతాయి. చీకటి పడ్డాక ఎవరైనా తలుపు కొడితే మనం లోపలి నుంచి "ఎవరూ" అని అడగమూ? ఇదీ అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

కానీ తన ఆఫీసు మిషను రోజూ తలుపు కొట్టి చెప్పుకుంటున్న ఆ పేరేమిటో కొండలరావుకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. అది తెలిసింది ఫ్యాక్టరీ మీటింగులో, ఓనరు గారి ఎదుట.

"నిన్న లోడింగు లేటయిందేం?" అని భవానీప్రసాద్ గారు అడిగారు.

"ఆదెమ్మ ఆలస్యంగా వచ్చిందండీ" అన్నాడు జగన్నాథరావు.

"ఆదెమ్మ ఎవరయ్యా?"

"నందిగామ ఆఫీసండి. మా మిషను దగ్గరికి రోజూ ఆ పేరుతోనే వస్తుంది."

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. ఓనరు గారు కూడా నవ్వారు. నవ్వి ఊరుకోకుండా ఇంకో మాట అన్నారు. "వచ్చే వారం అమ్మ వేదాద్రి వెళుతూ నందిగామలో ఆగుతుంది. కంప్యూటరు చూస్తానంటోంది. ఆవిడ చేత్తో ఒక ఆర్డరు పంపిద్దాం. సాఫీగా జరిగిందా, కొండలరావూ, నీ ఇన్‌ఛార్జి సంగతి ఆ రోజే తేల్చేస్తా. జరగలేదా, నందిగామకు వేరే ఆఫీసెందుకు? జగన్నాథరావే పేట నుంచి చూసుకుంటాడు."

బస్సులో చిల్లకల్లు దాకా కొండలరావు ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నాడు. నందిగామలో దిగి తిన్నగా కంప్యూటరు గదిలోకి దూసుకెళ్లాడు. ఆపరేటరు కమలాకుమారి వారపత్రిక తలకిందులుగా పట్టుకుని, పని చేస్తున్నట్టు మొహం పెట్టింది.

"మన మిషను పేరేంటమ్మాయ్?"

"ఆదెమ్మ సార్."

"ఎవరా ఆదెమ్మ?"

కమలాకుమారి సమాధానం చెప్పేలోగా వరండాలో చీపురు చప్పుడు ఆగింది. ఊడుస్తున్న మనిషి నడుము నిటారు చేసి గుమ్మంలోంచి తొంగిచూసింది.

"నేనేనండి అయ్యగారూ."

కొండలరావు తెల్లబోయాడు. ఇన్నేళ్లుగా ఆవిడను కోపమొస్తే "ఏయ్" అనీ, కోపం లేకపోతే "ఇదిగో" అనీ పిలవడమే తప్ప ఆవిడకో పేరుంటుందన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఆవిడ ఊడ్చిన గదిలో కూర్చుంటాడు, ఆవిడ కడిగిన గ్లాసులో టీ తాగుతాడు. దానికి లేని సిగ్గు ఆవిడ పేరు వినగానే ముంచుకొచ్చింది.

"నీ పేరు మిషనుకు ఎందుకు పెట్టారు?"

"మిషను బిగించడానికి హైదరాబాదు నుంచి ఇంజనీరు బాబు వచ్చాడు గదండీ. పేరు కావాలి, పేరు కావాలి అని దిక్కులు చూశాడండి. తమరు అన్నానికెళ్లి ఇంకా రాలేదు. కమలమ్మగారు టిఫినుకెళ్లారు. మంచినీళ్లిస్తే తాగి, నీ పేరేంటమ్మా అన్నాడు. చెప్పా."

"అడిగితే చెప్పేయడమేనా?"

"ఎవురూ అడగరు గదండీ. అడిగాడని చెప్పా."

ఆ సమాధానంలో పొగరు వెతికాడు కొండలరావు. దొరకలేదు. దొరక్కపోవడం ఆయనకు మరీ మంటెత్తించింది.

ఆ రాత్రి దుర్గాంబ పక్క మీద కూర్చుని సలహా చెప్పింది. దుర్గాంబ సలహాలు ఎప్పుడూ పేరంటం స్థాయిలో ఉంటాయి. "ఓనరు గారి అమ్మగారు భారతీదేవి గారు వస్తున్నారు కదా. ఆవిడ పేరే పెట్టేయండి మిషనుకి. ఆవిడ వచ్చేదాకా ఎవరికీ చెప్పకండి. గుడ్డ తీసి చూపిస్తే ఆవిడ పొంగిపోదూ?" కొండలరావుకు అప్పుడే బోర్డు మీంచి ఇన్‌ఛార్జి ఊడి కింద పడ్డట్టు వినిపించింది.

పేరు మార్చడమంటే మామూలుగా మార్చే మనిషి కాదాయన. పంతులుగారిని పిలిపించాడు. మిషనుకు మొదటిసారి కరెంటు పెట్టిన వేళ చెప్పి నక్షత్రం చూడమన్నాడు, చూసేటప్పుడు భా అన్న అక్షరం వచ్చేలా చూడమన్నాడు. పంతులుగారు లోకజ్ఞానం ఉన్నవారు. కాసేపు వేళ్లు లెక్కపెట్టి మూల మూడో పాదంలో తేల్చారు. "భా వచ్చింది. కానీ మూల కదండీ, ధననాశం. శాంతి చేయించాలి." శాంతి జరిగింది. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశారు. చెవిలో ముమ్మారు చెప్పాల్సి వచ్చేసరికి పంతులుగారు మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఆగిపోయారు.

"దీనికి చెవెక్కడమ్మా?"

కమలాకుమారి ఫ్లాపీ పెట్టే సందు చూపించింది. పంతులుగారు అందులోకి వంగి ముమ్మారు భక్తిగా చెప్పారు. ఆ తరవాత ఆ అమ్మాయి, ఇంజనీరు రాసిచ్చి వెళ్లిన పద్ధతి ప్రకారం మీటలు నొక్కి, ఆదెమ్మను తీసేసి భారతి అని పెట్టింది. దేవి పట్టలేదు, మిషను పేరులో ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదికి మించకూడదట. దేవి పోయినందుకు కొండలరావు లెంపలు వేసుకుని, అందరికీ బూందీ పంచాడు. ఊడ్చేవాళ్లకి మాత్రం బూందీ వరండాలో ఇచ్చారు. అది అక్కడి ఆచారం, దానికి పంతులుగారు అక్కర్లేదు.

ఆ సాయంత్రం మిషను మామూలుగానే పేటను పిలిచింది. లైను కలిసింది. గిర్రుమంది, కుయ్యిమంది. తరవాత తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క పడింది: యూ ఆర్ అన్‌నోన్ టు మీ. నువ్వెవరో నాకు తెలియదు. లైను తెగిపోయింది.

కొండలరావు రెండోసారి ప్రయత్నించమన్నాడు. నువ్వెవరో నాకు తెలియదు. మూడోసారి కూడా అదే మాట. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తరవాత నల్లబడింది. వేరే మనిషైతే మిషనుకు ఏమైందా అనుకునేవాడు. కొండలరావుకు ఆ ఆలోచనే రాలేదు. పెళ్లిలో బంతి దగ్గర ఎవరి తాలూకని అడిగినవాడు అవతలి గదిలో కూర్చుని ఉన్నాడు. ఆ మాట టైపు కొట్టింది వాడు కాక ఇంకెవడు? వెంటనే ఫోను తిప్పాడు.

"జగన్నాథరావు గారూ, మర్యాదగా మాట్లాడటం నేర్చుకోండి."

"ఇంకా ఏం మాట్లాడలేదు కదయ్యా. ఇప్పుడే కదా ఫోనెత్తా."

"మీరేమన్నారో మీకు తెలుసు. నేనెవరో మీకు తెలియదా? చెబుతా. ఓనరు గారి చేత చెప్పిస్తా."

"నీకు ఒంట్లో బాగుందా? మీ మిషను ఈ పూట రాలేదు, ముందు అది చూసుకో. మా మిషను ఫస్టుక్లాసుగా ఉంది."

ఇదిగో, ఇక్కడ జగన్నాథరావు తెలివి కూడా చూడాలి. తలుపు కొట్టి వెనక్కి పోయిన పేరేమిటో ఆయన మిషనులోనే నమోదై ఉంటుంది. లేచి ఒక మీట నొక్కితే కనిపిస్తుంది. కానీ నొక్కి చూడటమంటే తన మిషనులో లోపం ఉండొచ్చని ఒప్పుకున్నట్టే కదా. ఆయన ప్రాణం పోయినా నొక్కలేదు. ఇద్దరు పెద్దమనుషులు రెండు ఊళ్లలో కూర్చుని, ఇటువాళ్లు అటువాళ్లదే తప్పంటే అటువాళ్లు ఇటువాళ్లదే తప్పంటూ, మధ్యలో లారీలను ఆపేశారు.

మర్నాడు హైదరాబాదు ఇంజనీరుకు ట్రంకాల్. లైను దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఇంజనీరు ఓపికగా ఒక్కొక్కటే అడిగాడు. దీపాలు వెలుగుతున్నాయా? వెలుగుతున్నాయి. లైన్లో చప్పుడు వస్తోందా? వస్తోంది. చివరికి అసలు ప్రశ్న అడిగాడు.

"ఈ మధ్య ఏమైనా మార్చారా సార్?"

"ఏమీ మార్చలేదు" అన్నాడు కొండలరావు, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆయన అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో మార్పు అంటే తీగ పీకడం, స్క్రూ విప్పడం. బారసాల మార్పెలా అవుతుంది, అది శుభకార్యం. పక్కనే ఉన్న కమలాకుమారి ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను తిరగడం ఆమెకు అంత ఆసక్తిగా అంతకు ముందెన్నడూ లేదు. ట్రంకాల్ అయ్యాక మాత్రం ఒక్క మాట అంది.

"సార్, పేరు మార్చిన పూట నుంచే కదా ఇది..."

"ఓనరు గారి అమ్మగారి పేరు పెట్టడం వల్ల మిషను చెడిందని నా చేత చెప్పిస్తావా? ఆ మాట బయటికి పోయిందా, నీ ఉద్యోగమూ ఉండదు, నాదీ ఉండదు. నోరు మూసుకుని పని చూసుకో."

ఆమె నోరు మూసుకుని వారపత్రిక తెరిచింది. సీరియల్లో హీరోయిన్‌కు కూడా అప్పుడే కష్టాలు మొదలయ్యాయి.

ఇక పేరు ఒక్కటి తప్ప తక్కినవన్నీ బాగుచేయడం మొదలుపెట్టాడు కొండలరావు. టెలిఫోను లైన్‌మన్ కృష్ణయ్యను పిలిస్తే, ఆయన స్తంభం ఎక్కి, దిగి, లైను అద్దంలా ఉందన్నాడు. ఉండటానికి వీల్లేదని కొండలరావు మళ్లీ ఎక్కించాడు. కృష్ణయ్య రెండోసారి దిగి, ఈసారి పైన కాకి గూడుందని, తీసేశానని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. తీగ కొత్తది వేశారు. మిషనుకు గుమ్మడికాయ దిష్టి తీశారు. వాస్తు తెలిసిన చుట్టం ఒకాయన వచ్చి, మిషను దక్షిణం చూస్తోందని మొత్తం బల్లను తూర్పుకు తిప్పించాడు. తిప్పాక కమలాకుమారికి తెర కనపడాలంటే గోడకు ఆనుకుని పక్కకు కూర్చోవాల్సి వచ్చింది. ఆ భంగిమలోనే ఆమె రోజూ సాయంత్రం పేటను పిలిచేది. పేట రోజూ అదే మాట చెప్పేది. నువ్వెవరో నాకు తెలియదు.

ఆ మాట చూసినప్పుడల్లా కొండలరావుకు లడ్డూల బంతి గుర్తొచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, "నేను గుడిమెట్ల కొండలరావును, మా తాత గుడిమెట్లలో మునసబు, నీ తాత ఎవరో చెప్పు" అని కమలాకుమారి చేత టైపు కొట్టించాడు. అది పేటకు చేరలేదు. చేరి ఉంటే ఇంకో కథ అయ్యేది.

ఈలోగా సిమెంటు రాక డీలర్లు ఆఫీసులో బైఠాయించారు. జి.కొండూరు డీలరు వీరరాఘవయ్య స్లాబు పోసే కూలీలను పిలిపించుకుని, కంకర కలిపించే వేళకు బస్తాలు లేక, నేరుగా వచ్చి మేనేజరు ఎదురు కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "కంప్యూటరు రాకముందు పోస్టుకార్డు రాసేవాణ్ణి. సిమెంటు వచ్చేది" అన్నాడు. అంతకంటే ఆయనేమీ అనలేదు. అదే చాలు.

అందుకని కొండలరావు ఒక ఉపాయం ఆలోచించాడు. ఆర్డర్లు కాగితం మీద రాయించి, మడత పెట్టి, ఎర్రబస్సులో ఫ్యాక్టరీకి పంపడం. ఎవరిని పంపాలి? గుమాస్తా ఎండన పడి వెళ్లనన్నాడు. కమలాకుమారికి బస్సు పడదు. మిగిలింది ఎవరో మీకు తెలుసు. ఆదెమ్మ పొద్దున్నే ఊడ్చి, కాగితం జాకెట్లో దోపుకుని, చిల్లకల్లు దాటి ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి కేకేసేవాడు: "ఆదెమ్మ వచ్చింది." జగన్నాథరావు మనుషులు లారీలు వదిలేవాళ్లు. సాయంత్రం ఆయన ఫోను చేసి చెప్పాడు. "మిషనులో వచ్చినా ఆదెమ్మే, బస్సులో వచ్చినా ఆదెమ్మే. మాకు తేడా ఏం తెలియట్లేదయ్యా." కొండలరావు ఫోను పెట్టేసి, రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాడు.

ఓనరు గారి అమ్మగారు వచ్చే రోజు రానే వచ్చింది. కొండలరావుకు ముందు రోజంతా అన్నం దిగలేదు. ఒక్క ఆశ మిగిలి ఉంది. ఓనరు గారి వెంట జగన్నాథరావు కూడా నందిగామకు వస్తున్నాడు. పేటలో తిట్లు టైపు కొట్టే మనిషి ఇక్కడుంటే, అక్కడ ఎవరు కొడతారు? ఆ పూట మిషను కలిసి తీరుతుంది. ఈ తర్కం ఆయనకు ఎంత నచ్చిందంటే, గుమ్మానికి మామిడాకులు తనే స్వయంగా కట్టాడు. ఆదెమ్మను మాత్రం వెనక సైకిళ్ల షెడ్డు దగ్గర ఉండమన్నాడు, పెద్దవాళ్లు వెళ్లేదాకా ముందుకు రావద్దన్నాడు.

భారతీదేవి గారు సన్నగా, నిటారుగా ఉంటారు. వేదాద్రి నరసింహస్వామికి కూడా పనులు పురమాయించే రకమని ఇంట్లోవాళ్లు చాటుగా అంటారు. కుర్చీలో కూర్చోగానే, "బల్లేమిటి, గోడవైపు తిరిగి అలిగి కూర్చుంది?" అన్నారు. కొండలరావు గొంతు సవరించుకుని, మిషను మీద కప్పిన పట్టుగుడ్డ లాగాడు. కింద ఇత్తడి రేకు మీద భారతి అని చెక్కించి ఉంది.

"తమరి పేరేనండి అమ్మగారూ. దేవి పట్టలేదు, క్షమించాలి."

భవానీప్రసాద్ గారి కళ్లు మెరిశాయి. భారతీదేవి గారు రేకు వైపు చూసి, "సరే, ఏం నొక్కాలి?" అన్నారు. కమలాకుమారి గోడకు ఆనుకునే మీట చూపించింది. ఆవిడ నొక్కారు. గిర్రుమంది, కుయ్యిమంది. తెర మీద అదే ముక్క పడింది.

"ఏమంటోందమ్మాయ్?" అన్నారు భారతీదేవి గారు.

కమలాకుమారి కొండలరావు వైపు చూసింది. కొండలరావు నేల వైపు చూశాడు.

"మీరెవరో తనకు తెలియదంటోందండి" అంది కమలాకుమారి.

భవానీప్రసాద్ గారి మొహం మాడిపోయింది. కొండలరావు గిరుక్కున జగన్నాథరావు వైపు తిరిగాడు. ఆయన ఎదురుగానే ఉన్నాడు, కళ్లజోడు పెట్టుకుని, చేతులు కట్టుకుని. మరి ఆ మాట కొట్టిందెవరు? అప్పుడు, అప్పుడు మాత్రమే, కొండలరావు చూపు ఇత్తడి రేకు మీదికి పోయింది.

"పేరు మార్చావా?" అన్నాడు జగన్నాథరావు, తెర మీదికి వంగి. "ఓరి నాయనా. ఇన్నాళ్లూ భారతి అని తలుపు కొడుతున్నావా? మా మిషనుకు ఆ పేరు తెలియదయ్యా. దానికి తెలిసింది ఆదెమ్మ ఒక్కతే."

"అయితే ఆ తిట్టు తిట్టింది మీరు కాదా?"

"ఏ తిట్టు?"

భారతీదేవి గారు కుర్చీలో కొండలరావు వైపు తిరిగారు.

"పేరు ఎలా పెట్టావయ్యా?"

"బారసాల చేశానండి. పంతులుగారు, బియ్యం, మూలకు శాంతి, అన్నీ."

"బారసాలకు ఎవరిని పిలిచావు?"

"ఎవరినీ పిలవలేదండి. తమరికి ముందే తెలియకూడదని, రహస్యంగా..."

"రహస్యంగా పేరు పెట్టుకుంటే అవతలివాళ్లు ఏమని పిలుస్తారయ్యా? ఫ్యాక్టరీకి ఒక కబురు పంపడానికి నీ సొమ్మేం పోయింది?"

ఫ్యాక్టరీకి వెళ్లి పేరు చేర్పించి రావచ్చని జగన్నాథరావు అన్నాడు. పొద్దుపోతుందని, స్వామి గుడి మూసేస్తారని భవానీప్రసాద్ గారు విసుక్కున్నారు. భారతీదేవి గారు చెయ్యి ఎత్తి ఇద్దరినీ ఆపారు. "ఆ రేకు పీకేయండి. నన్ను ఎరగని చోట నా పేరెందుకు? పాత పేరే పెట్టండి. ఆ ఆదెమ్మ ఎవరో, ఆవిణ్ణి పిలవండి."

పిలవాల్సింది కొండలరావు. వెనక గుమ్మం దాకా వెళ్లి అలవాటుగా "ఏ..." అని, మింగేశాడు. గదిలో అందరూ తననే చూస్తున్నారు. "ఆదెమ్మా" అన్నాడు. ఆవిడను ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదలు. సైకిళ్ల షెడ్డు దగ్గర ఆవిడకు తనను పిలిచినట్టు తోచలేదు. రెండోసారి పిలవాల్సి వచ్చింది, ఈసారి కాస్త గట్టిగా.

ఆదెమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కమలాకుమారి అప్పటికే మీటలు నొక్కి భారతిని తీసి పాత పేరు పెట్టేసింది. మిషను మళ్లీ పేటను పిలిచింది. ఈసారి పేట సరే, చెప్పు అంది. దీపాలు టకటకా కొట్టుకున్నాయి, ఆర్డరు వెళ్లిపోయింది. వెళ్లినట్టు అటునుంచి జవాబు కూడా వచ్చింది.

"నీ పేరేనా?" అన్నారు భారతీదేవి గారు.

"అవునండి."

"సిమెంటు బాగానే మోస్తోంది." అంతకంటే ఆవిడేమీ అనలేదు. లేచి కారెక్కారు. ఆదెమ్మకు ఆ రోజు దక్కింది టీ గ్లాసులు కడిగే పని, అడుగున మిగిలిన బూందీ పొట్లం. పేరు పేరే, పని పనే కదా.

కొండలరావు రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు. మూడో రోజు ఆఫీసుకొచ్చేసరికి కమలాకుమారి మిషను నుంచి అచ్చయిన కాగితం చేతికిచ్చింది. ఫ్యాక్టరీ నుంచి భవానీప్రసాద్ గారు పంపించిన ఉత్తరువు. జరిగిందేదో జరిగింది, ఆర్డరయితే వెళ్లింది, మాట ఇచ్చాను కనుక ఇన్‌ఛార్జి తీసేస్తున్నా, ఇక నువ్వు మేనేజరువి. కొండలరావు ఆ ముక్క చదివి కళ్లు తుడుచుకున్నాడు. తరవాత కాగితం పై వరస చూశాడు.

మిషన్ల మధ్య ఉత్తరాలకు చిరునామా ఒక పద్ధతిలో రాస్తారు. ముందు మిషను పేరు, ఆ వెనక నిలువు గీతా చుక్కా, ఆ తరవాత మనిషి పేరు. మనం ముందు ఇంటిపేరు రాసి, తరవాత పేరు రాసుకున్నట్టే. కాగితం మీద పెద్దక్షరాల్లో ఇలా ఉంది: ఆదెమ్మ!కొండలరావు.

"ఇది తీయించడానికి లేదా?"

"లేదు సార్. ఇంకో పేరు పెడితే మళ్లీ..." అని ఆ అమ్మాయి ఫ్యాను వైపు చూసింది.

కాగితం దుర్గాంబకు చూపించకుండా ఉండలేడు, పై వరస చింపితే ఉత్తరువు చెల్లదు. అదే కాగితం నకళ్లు డీలర్లందరికీ వెళ్లాయి. గుడిమెట్లలో తాత మునసబీ, ఇంటిపేరూ, అంతా ఒక్క వారంలో కొట్టుకుపోయింది. వీరరాఘవయ్య జి.కొండూరు నుంచి పోస్టుకార్డు రాశాడు: మహారాజరాజశ్రీ ఆదెమ్మ కొండలరావు గారి దివ్యసముఖమునకు.

బోర్డు మీద ఇన్‌ఛార్జి చెరిపించిన మర్నాడు రెడ్డిగూడెం నుంచి కొత్త డీలరొకాయన బస్సు దిగి వచ్చాడు. కొండలరావు లోపల కుర్చీలో సర్దుకుని కూర్చుని, కిటికీలోంచి వింటున్నాడు. కొత్తాయన చేతిలో కాగితం పట్టుకుని, వరండా ఊడుస్తున్న మనిషిని అడిగాడు.

"ఇక్కడ ఆదెమ్మ కొండలరావు గారంటే ఎవరమ్మా?"

చీపురు చప్పుడు ఆగింది.

"మా తాలూకేనండి" అంది ఆదెమ్మ. "లోపలున్నాడు, వెళ్లండి."